అరవై లైసెన్సుల కోసం నాలుగు నెలలు

మా కార్యాలయంలో సాఫ్ట్‌వేర్ లైసెన్సుల పునరుద్ధరణ నిన్నటితో ముగిసింది. అవసరాల జాబితా, పాత ఒప్పందం, కొటేషన్లు అన్నీ ఒక్క వారంలో తేలిపోయాయి. మిగిలిన నాలుగు నెలల కాలాన్నీ ఒకే ఒక్క డిస్కౌంటు మింగేసింది.

మాకు 300 లైసెన్సులు కావాలి. అందులో 60 అనువాద విభాగానికి. ఆ విభాగం వారికి ఒక చిన్న సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ నచ్చింది. నెల రోజులు వాడి చూశారు, పనిలో తప్పులు తగ్గాయి. అందుకే ఇప్పటిదాకా మాకు అమ్ముతున్న పెద్ద సంస్థ నుంచి 240 తీసుకుని, మిగతా 60 చిన్న సంస్థ దగ్గర కొందామని ప్రతిపాదన రాశాను.

సమావేశంలో పెద్ద సంస్థ ప్రతినిధి మా డైరెక్టర్ ముందు ఒక కాగితం పెట్టాడు. లైసెన్సు ధర 100 అనుకోండి. 300 కొంటే మొత్తం మీద 20 శాతం తగ్గింపు, అంటే 24,000. 240 కొంటే తగ్గింపు లేదు, అప్పుడూ 24,000. "అరవై ఊరికే వస్తుంటే బయట డబ్బు పోసి కొంటారా?" అన్నాడు. డైరెక్టర్ నా వైపు తిరిగి, "ఈ లెక్క చూసుకోకుండానే తెచ్చారా?" అని అడిగారు. ఎనిమిది మంది ఎదుట. పదిహేనేళ్లుగా కొనుగోళ్లు చూస్తున్న నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక అదే లెక్క మళ్లీ మళ్లీ వేశాను. తగ్గింపు అదనంగా కొన్నవాటికి కాదు, మొదటి లైసెన్సు నుంచీ వర్తిస్తుంది. గీత సరిగ్గా 300 దగ్గరే గీశారు, ఎందుకంటే నిరుడు మేము కొన్నది అంతే. దానితో పోటీ పడాలంటే చిన్న సంస్థ తన అరవైనీ ఉచితంగా ఇవ్వాలి. ఎంత మంచి సరుకైనా అలా ఎవరు ఇవ్వగలరు? ఎక్కువ కొన్నవారికి చౌకగా ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. 240 దాటాక కొన్నవాటికే ధర తగ్గిస్తే అది పోటీ. ఇది మాత్రం దారికి అడ్డంగా కట్టిన గోడ. మేము వాడని వీడియో సమావేశాల సాఫ్ట్‌వేర్ కూడా అదే మూటలో ఉంది. తీసేస్తే ఎంత తగ్గుతుందంటే, ఏమీ తగ్గదన్నారు.

ఇది కొత్త ఎత్తు కాదు. ఒకప్పుడు కంప్యూటర్ తయారీదారులు కొందరు, తాము అమ్మే ప్రతి యంత్రానికీ, అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా సరే, మైక్రోసాఫ్ట్‌కు రుసుము కట్టేవారు. వేరొకరిది పెడితే రెండుసార్లు చెల్లించినట్లే. అమెరికా న్యాయశాఖతో 1994లో కుదిరిన ఒప్పందంతో ఆ పద్ధతి ఆగింది. అయితే తగ్గింపుల విషయంలో నిరూపణ కష్టం. ఇలాంటి తగ్గింపులతో పోటీదారుకు అడ్డుపడిందని, చిప్‌లు తయారుచేసే ఇంటెల్‌పై యూరోపియన్ కమిషన్ 2009లో వేసిన 106 కోట్ల యూరోల జరిమానాను 2022లో అక్కడి జనరల్ కోర్టు రద్దు చేసింది. సమర్థుడైన పోటీదారు నిలవలేడని కమిషన్ వేసిన లెక్కలో కోర్టుకు లోపాలు కనిపించాయి.

లైసెన్సులు కొనేవారు మూడు వేర్వేరు సంఖ్యలకు ధరలు రాతపూర్వకంగా అడగండి. ప్రతినిధి నోటిమాట నమ్మకండి. మూడేళ్ల ఒప్పందం అసలే వద్దు.

నేను అదే కాగితం వెనుక నా లెక్క రాసి డైరెక్టర్‌కు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, బేరం నాకే వదిలేశారు. త్రైమాసికం చివరి వారంలో పెద్ద సంస్థ దిగివచ్చింది: ఏడాది ఒప్పందం, 240 లైసెన్సులు, ఒక్కొక్కటి 90. చిన్న సంస్థ తన అరవైనీ ఒక్కొక్కటి 50కి ఇచ్చింది. మొత్తం 24,600. పైన పడిన 600కు డైరెక్టర్ స్వయంగా సంతకం చేశారు. ఈ ఉదయం అనువాద విభాగంలో కొత్త సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది.