చిరునామా సర్వర్‌నే అడగాల్సింది

డెవలప్‌మెంట్ సర్వర్ పోర్టును, అంటే అది వినే తలుపు సంఖ్యను, కోడ్‌లో 5173 అని రాసిపెట్టుకున్న పాపానికి నిన్నటి సాయంత్రమంతా పోయింది. మరో టెర్మినల్‌లో పాత సర్వర్ ఇంకా నడుస్తూ ఉండటంతో, ఆ సర్వర్‌ను నడిపే వీట్ (Vite) అనే పనిముట్టు ఆ సంగతి ఒక్క వరుసలో చెప్పి 5174కు జరిగింది. నేను చూడనే లేదు, నా కోడ్ మాత్రం పాత తలుపే తడుతూ కూర్చుంది. బ్రౌజర్ వైపు చిక్కు, పేజీ ఏ చిరునామా నుంచి వచ్చిందో చెప్పే విండో.లొకేషన్.ఆరిజిన్‌తో తేలిగ్గానే తీరింది. అసలు తిప్పలు బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో నేను రాసుకున్న సర్వర్‌తోనే వచ్చాయి: సర్వర్.అడ్రస్ ఫంక్షన్‌ను పిలిస్తే నల్ (ఖాళీ విలువ) తిరిగి వచ్చింది, ఎందుకంటే సర్వర్ కనెక్షన్ల కోసం వినడం మొదలుపెట్టకముందే నేను తొందరపడి అడిగాను. వినడం మొదలైందని తెలిపే లిజనింగ్ ఈవెంట్ వచ్చాక అడిగితే, పోర్టును 0గా ఇచ్చి ఎంపికను ఆపరేటింగ్ సిస్టమ్‌కే వదిలేసినా, అసలు అంకె చెప్పింది. అయితే 0.0.0.0 అని వచ్చిన హోస్ట్ భాగం కంప్యూటర్‌కున్న అన్ని ఐపీవీ4 ఇంటర్‌ఫేస్‌ల (నెట్‌వర్క్ దారుల) మీదా వింటున్నానని చెప్పడమే తప్ప, ఫోన్‌లో టైప్ చేసి తెరవగలిగే చిరునామా కాదు.