పొల్యూషన్ సర్టిఫికెట్ కొలవనిదే ఎక్కువ

హైదరాబాద్‌లో పెట్రోలు బంకు దగ్గరో, రోడ్డు వారనో పొల్యూషన్ చెకింగ్ వ్యాను కనిపిస్తూనే ఉంటుంది. నంబరు ప్లేటు ఫొటో తీస్తారు, సైలెన్సర్‌లో గొట్టం దూరుస్తారు, కాగితం చేతిలో పెడతారు. 2019 చట్ట సవరణ తర్వాత ఆ కాగితం లేకుండా పట్టుబడితే 10,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. జరిమానా కొత్తదే కానీ, దాని వెనకున్న పరీక్ష కార్బురేటర్ల కాలం నాటిది. నాకు కోపం తెప్పించేది ఇదే.

1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 115వది చూడండి. పెట్రోలు బండికి ప్రధానంగా కొలిచేది ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. డీజిల్‌కి పొగ చిక్కదనం. ఊపిరితిత్తుల లోపలిదాకా దిగే సన్నని కణాల లెక్కా లేదు, నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసూ లేదు. పోనీ ఐడిల్‌లోనే నైట్రోజన్ ఆక్సైడ్లు కొలిచినా పెద్దగా ఏమీ దొరకదు. ఇంజన్ మీద లోడ్ పడి, సిలిండర్‌లో వేడి బాగా పెరిగినప్పుడే అవి ఎక్కువగా పుడతాయి. నిలబెట్టిన బండిని పరీక్షించి, పరుగెత్తే బండికి సర్టిఫికెట్ ఇస్తున్నామన్నమాట.

పరిమితుల్లో తేడా చూడండి. 2000 ఏప్రిల్ తర్వాత తయారై, బీఎస్-6 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణాల్లో ఆరోది)కు ముందు వచ్చిన ఫోర్ స్ట్రోక్ బైకుకు కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్లు 4,500 పీపీఎం (పది లక్షల్లో 4,500 వంతులు) దాకా ఉండొచ్చు. బీఎస్-4 పెట్రోలు కారుకైతే 0.3 శాతం, 200 పీపీఎం. బైకు ఇంజన్ చిన్నది, వదిలే పొగ పరిమాణమూ తక్కువే, నిజమే. అయినా అంత వెసులుబాటు ఇస్తే, ఎయిర్ ఫిల్టర్ మట్టిపట్టి, పెట్రోలు ఎక్కువ తాగుతున్న బైకు కూడా దర్జాగా పాసైపోతుంది.

సరే, ఉన్న పరీక్షనైనా సరిగ్గా చేస్తున్నారా? సైలెన్సర్‌లో దూర్చే గొట్టం, అంటే ప్రోబ్, కనీసం 300 మిల్లీమీటర్లు, అంటే అడుగు లోతు లోపలికి వెళ్లాలి. చాలా బైకుల సైలెన్సర్లలో బ్యాఫిల్ (శబ్దం తగ్గించే లోపలి పలక) అడ్డొస్తుంది కాబట్టి గాలి చొరబడకుండా ఎక్స్‌టెన్షన్ గొట్టం తగిలించాలి. అది లేకుండా కొస మాత్రం ఆనిస్తే బయటి గాలి కలిసి రీడింగు పడిపోతుంది. సైలెన్సర్ జాయింటు లీకైనా అంతే. ఈ తప్పు పట్టుకోవడం తేలిక. కారు స్లిప్పు మీద కార్బన్ డయాక్సైడ్ అంకె ఉంటే చూడండి. సరిగ్గా మండుతున్న పెట్రోలు ఇంజన్ పొగలో అది 14-15 శాతం దగ్గర ఉంటుంది. మూడో నాలుగో చూపిస్తోందంటే మిషన్ పీల్చింది ఎక్కువగా రోడ్డు మీది గాలినే.

డీజిల్ పరీక్షలో ఇంకో లొసుగు ఉంది. ఇంజన్ బాగా వేడెక్కాక యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కి, ఇంజన్ వేగానికి హద్దు పెట్టే గవర్నర్ ఆపేంత వేగానికి తీసుకెళ్లాలి, వదలాలి, మళ్లీ తొక్కాలి. రీడింగులు నిలకడగా వచ్చేదాకా ఇలా చేయాలి. పాత ఇంజన్ టైమింగ్ బెల్టు తెగుతుందేమోనన్న భయంతో ఓనరు సగమే తొక్కుతాడు, వ్యాను కుర్రాడు ఏమీ అనడు. సగం తొక్కితే పొగ రాదు, బండి పాసవుతుంది.

అసలు సమస్య బీఎస్-6తో మొదలైంది. 2020 ఏప్రిల్ 1 నుంచి డీజిల్ కారు వదలదగ్గ కణాల పరిమితి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి దిగింది. దాన్ని సాధించేది సైలెన్సర్ లైనులోని పార్టికులేట్ ఫిల్టర్. అందులో చేరిన మసిని 550-600 డిగ్రీల వేడిలో కాల్చుకోవాలంటే, బండి పావుగంటో ఇరవై నిమిషాలో ఒకే వేగంతో నడవాలి. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి ఆగుతూ కదులుతూ వెళ్లే కారుకు ఆ అవకాశం ఎక్కడిది? డ్యాష్‌బోర్డు మీద ఫిల్టర్ లైటు వెలుగుతుంది. ఓనరు పట్టించుకోడు, లేదా కాల్చుకోవడం మధ్యలో ఉండగానే ఇంజన్ ఆపేస్తాడు. అలా పదేపదే ఆపితే డీజిల్ ఇంజనాయిల్లో కలిసి ఆయిల్ పలచబడుతుంది. చివరికి ఫిల్టర్ మార్చడానికయ్యే ఖర్చు విని, వెల్డింగు షాపులో డబ్బా కోయించి, లోపలి సెరామిక్ పీకేయించి, లైటు వెలగకుండా సాఫ్ట్‌వేర్ మార్పిస్తాడు. ఇంత చేసిన బండి కూడా పొల్యూషన్ పరీక్షలో చాలాసార్లు పాసైపోతుంది, ఎందుకంటే పొగ మీటరు వెలుతురు ఎంత ఆగిందో మాత్రమే చూస్తుంది. కొత్త ఇంజన్ల నుంచి వచ్చే కణాలు దాని కంటికి ఆననంత సన్నవి.

లారీల్లో డెఫ్ సంగతీ ఇంతే. డెఫ్ అంటే 32.5 శాతం యూరియా ద్రావణం, అది పోస్తేనే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. ఆ ఖర్చు మిగుల్చుకోవడానికి, ట్యాంకు నిండుగా ఉన్నట్టు కంప్యూటర్‌ను నమ్మించే చిన్న ఎమ్యులేటర్ డబ్బా తగిలిస్తారు. ఆ వాయువునే కొలవని పరీక్షకు ఇది ఎలా దొరుకుతుంది?

చేయదగ్గది కళ్లముందే ఉంది. జర్మనీ 2023 జులై నుంచి ఇలాంటి డీజిల్ కార్ల తనిఖీలో కణాలను లెక్కపెడుతోంది. ఘన సెంటీమీటరుకు 2,50,000 దాటితే ఫెయిల్. ఆ మిషన్లు ఖరీదంటే, పెద్దగా ఖర్చు లేనిది ఇంకోటుంది. బీఎస్-6 కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ (బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాలు చదివే చోటు) ఉంటుంది. స్కానర్ గుచ్చి ఫాల్ట్ కోడ్‌లు చదివితే చాలు. పరీక్షకు ముందే కోడ్‌లు చెరిపేసుకొస్తే రెడీనెస్ మానిటర్లు (బండి తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) 'సిద్ధంగా లేవు' అని చూపిస్తాయి, అప్పుడు వెనక్కి పంపాలి. సాఫ్ట్‌వేరే మార్చేసిన వాళ్లలో కొందరు దీనికీ చిక్కరు, కానీ చెక్ ఇంజన్ లైటుతోనే నెలల తరబడి తిరిగేవాళ్లు మాత్రం చిక్కుతారు.

ఇక ట్రాఫిక్ క్రమశిక్షణ. నేరుగా వెళ్లాల్సిన బైకులు, ఆటోలు సిగ్నల్ దగ్గర ఫ్రీ లెఫ్ట్‌ను నింపేస్తాయి. ఎడమకు తిరగాల్సిన బస్సు వాటి వెనక ఇంజన్ ఆన్‌లో ఉంచి నిలబడుతుంది. పచ్చలైటు పడ్డాక కూడలి మధ్యలో ఇరుక్కున్న నాలుగు కార్ల వల్ల అవతలి రోడ్డు కూడా ఆగిపోతుంది. ఇలా ఆగి కదిలిన ప్రతిసారీ ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. స్టాప్ లైను దాటితే చలానా వేసే కెమెరాను ఫ్రీ లెఫ్ట్ మీదకు కూడా తిప్పితే, దాని ఫలితం గాలిలో కూడా కనిపిస్తుంది.

డీజిల్ బీఎస్-6 కారున్నవాళ్లు ఫిల్టర్ లైటు వెలగగానే ఔటర్ రింగు రోడ్డెక్కి, ఒక గేరు తగ్గించి, ఇంజన్ 2,000 ఆర్పీఎంకు పైన ఉండేలా ఇరవై నిమిషాలు నిలకడగా నడపండి. లైటు ఆరాకే ఇంజన్ ఆపండి. అప్పటికీ ఆరకపోతే వెల్డింగు షాపుకు కాదు, స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లి ముందు ప్రెషర్ సెన్సర్, దాని గొట్టాలు చూపించండి. ఒక్కోసారి ఫిల్టర్ బాగానే ఉండి, తప్పు అక్కడే ఉంటుంది.