త్సూక్ అంటే ఒక్క రైలేనా?

జర్మన్ మొదలుపెట్టిన వారంలోనే తగిలే మాట త్సూక్. నోటుపుస్తకంలో "రైలు" అని రాసుకుంటారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. చదరంగంలో వేసే ఎత్తు త్సూక్. సిగరెట్ దమ్ము త్సూక్. గుక్క, ఊరేగింపు, వలసపోయే పక్షుల బారు, ముఖకవళిక, కిటికీ సందులోంచి కొట్టే చలిగాలి, అన్నీ అదే.

"లాగుడు" అని రాసుకుంటే సగం బెంగ తీరుతుంది. త్సీయెన్ అంటే లాగడం, దాని నామరూపమే త్సూక్. లాటిన్ డూకెరె (నడిపించు), ఇంగ్లిష్ టగ్ దీనికి చుట్టాలే. గుర్రాన్ని లాగిపట్టే పగ్గం త్స్యూగెల్. సైన్యాన్ని నడిపేవాడు హెర్‌త్సోక్, తర్వాత్తర్వాత అది డ్యూక్ బిరుదైంది. స్విట్జర్లాండ్‌లోని త్సూక్ ఊరి పేరు కూడా సరస్సు ఒడ్డున వలలు లాగిన చోటు నుంచి వచ్చిందే.

1835 డిసెంబర్ 7న న్యూర్న్‌బెర్గ్ నుంచి ఫ్యూర్ట్‌కి, సుమారు 6 కిలోమీటర్ల దారిలో, జర్మనీలో తొలిసారి ఆవిరి ఇంజన్ ప్రయాణికుల పెట్టెల్ని లాక్కెళ్ళింది. వరసగా లాగబడేదానికి త్సూక్ అనే మాట అప్పటికే ఉంది, బండికి అదే అంటుకుంది. మనం పట్టాల పేరుతో రైలన్నాం, వాళ్ళు లాగుడు పేరుతో పిలిచారు.

చదరంగంలో వాళ్ళు కాయని లాగుతారు, మనం ఎత్తుతాం. ఏ ఎత్తు వేసినా నష్టమే, వేయక తప్పదు అన్న స్థితి త్సూక్‌త్స్వాంగ్. చట్టంలో "త్సూక్ ఉమ్ త్సూక్" అంటే ఈ చేత ఇచ్చి ఆ చేత పుచ్చుకోవడం: డబ్బు చేతిలో పడేదాకా సరుకు ఇవ్వనక్కర్లేదు.

పలకడంలో ఒక మెలిక ఉంది. రాతలో చివర "గ్" ఉన్నా పలుకులో "క్". బహువచనం త్స్యూగెలో "గ" మళ్ళీ బయటికొస్తుంది. "ఈ" అంటూనే పెదవులు గుండ్రంగా చుడితే త్స్యూగెలోని "యూ" అచ్చు పలుకుతుంది.

అసలు తంటా ముందు చేరే ముక్కలతో. ఆఉఫ్ చేరితే లిఫ్టు, నాటకంలో అంకం కూడా. ఉమ్ చేరితే ఇల్లు మారడం, లేదా ఊరేగింపు. ఆఉస్ చేరితే ఇల్లు ఖాళీచేయడం. దాని ముందు కోంటో తగిలిస్తే బ్యాంకు స్టేట్‌మెంటు. ఇంటి యజమాని పంపిన ఉత్తరంలో, బ్యాంకు కాగితంలో ఇవి పక్కపక్కనే వస్తాయి, కాబట్టి ముందుముక్క చూడకుండా అర్థం ఊహించకూడదు. ఆన్ చేరితే సూటు. కానీ "గాలివాన ఇమ్ ఆన్‌త్సూక్" అంటే వాన సూటేసుకుందని కాదు, ముంచుకొస్తోందని.

బహువచనంలో ఇంకో రెండు. "ఇన్ ఫొలెన్ త్స్యూగెన్" ఆనందించడమంటే గుక్కలు గుక్కలుగా తాగినట్టు, తనివితీరా. కిక్కిరిసిన రైళ్ళలో నిలబడ్డవాళ్ళు దాన్నే "నిండు రైళ్ళలో" అని వెక్కిరింతగా వాడతారు. "ఇన్ డెన్ లెట్స్టెన్ త్స్యూగెన్" ఉన్నాడంటే మాత్రం చివరి రైలెక్కాడనుకోకండి, కొనఊపిరితో ఉన్నాడని.