సొరుగులో పాత ఫోన్లు పట్టుకుని బంగారం తీసే ప్లాంటుకి వెళ్ళొచ్చా

సొరుగులో ఐదు పాత ఫోన్లు ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి, పారేయడానికి చెయ్యి రాదు, వాడదామంటే ఒక్కటీ ఆన్ కాదు. ఫ్రెండ్ పనిచేసే రీసైక్లింగ్ ప్లాంటు చూడ్డానికి పర్మిషన్ దొరికిందని తెలియగానే వాటన్నిటినీ ఒక కవర్లో వేసుకుని పొద్దున్నే ట్రైన్ ఎక్కేశా.

మొదటి హాల్లో బల్ల దగ్గర ఒకావిడ నా ఫోన్ మూత ఊడదీసి, ప్లాస్టిక్ బద్దతో బ్యాటరీని మెల్లగా లేపుతోంది. "దీనికి చిల్లు పడితే భగ్గున అంటుకుంటుందండీ, అందుకే ముందు దీన్ని తీసేస్తాం" అంది. తర్వాత బోర్డు నా చేతిలో పెట్టింది. సిమ్ కూర్చునే చోట పిన్నులు పచ్చగా మెరుస్తున్నాయి, అది నిజం బంగారమే, కాకపోతే వెంట్రుక మందంలో ఏ వందో వంతో ఉండే పూత! ఫోన్ మొత్తం మీద 0.03 గ్రాములు, అటూ ఇటుగా. అదే ఒక టన్ను ఫోన్లయితే 300 గ్రాముల దాకా ఉంటుందట, గనిలో టన్ను రాయికి 5 గ్రాములు పడితేనే మంచి గని అంటారు కదా, ఆ లెక్క విన్నాక నా కవర్ వైపు ఇంకోలా చూశా.

నేను వీడియోల్లో చూసినట్టు ఇంట్లోనే యాసిడ్లో వేసి తీయొచ్చు కదా అని అడిగితే ఫ్రెండ్‌కి నిజంగానే కోపం వచ్చింది. నైట్రిక్ యాసిడ్ నుంచి లేచే ఆ ఎర్రటి పొగ ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, మిగిలిన యాసిడ్ కాలవలో పోస్తారు, ఆ మాట అసలెత్తకు అన్నాడు.

ఇక్కడ బోర్డుల్ని ముక్కలు చేసి 1200 డిగ్రీల దాకా వేడెక్కే కొలిమిలో కరిగిస్తారు, బంగారం, వెండి, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలన్నీ కరిగిన రాగిలో కలిసిపోతాయి. టాంటలం లాంటి కొన్ని లోహాలు మాత్రం చిట్టెంలో, అంటే కరిగాక పైన తేలే వ్యర్థంలో పోతాయి, అది వినగానే మనసు చివుక్కుమంది. ఆ రాగిని పలకలుగా పోసి, యాసిడ్ తొట్లలో వేలాడదీసి కరెంటు పంపిస్తే రాగి కరిగి అవతలి పలకకి వెళ్ళి అంటుకుంటుంది, కరగని బంగారం, వెండి అడుక్కి దిగిపోతాయి. ఆ అడుగు మట్టిని ట్రేలో చూపించారు, తడి బూడిదలా నల్లగా ఉంది, ఒక్క మెరుపు లేదు, నేనైతే కాలవ పూడిక అనుకునేదాన్ని. టోక్యో 2020 ఒలింపిక్స్ మెడల్స్ కోసం జనం ఇచ్చిన 62 లక్షల ఫోన్లు, ఇంకా బోలెడు పాత సామాన్ల నుంచి తీసిన 32 కిలోల బంగారం కూడా ఒకప్పుడు ఇలా కంటికి ఆనకుండా ఉన్నదే అని తలుచుకుంటే ఒళ్ళు పులకరించింది.

ఖాళీ కవర్ మడిచి బ్యాగులో పెట్టుకుని తిరుగు ట్రైన్లో అక్కకి ఫోన్ చేశా, అక్కా నీ అల్మారాలో పాత ఫోన్లు ఎన్నున్నాయి, బావగారివి కూడా తీసి పక్కన పెట్టు, వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నా అని.