నెలసరి రోజుల్లో ఆపేసిన మాత్ర

2014లో, నాకు 32 ఏళ్ల వయసులో, గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటాన్ని (వాల్వును) తీసివేసి యాంత్రిక కవాటం అమర్చారు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గాక కీళ్లు వాచి నెలరోజులు మంచం పట్టానని అమ్మ చెప్పేది. ఆ కీళ్లవాత జ్వరమే కవాటాన్ని ఏళ్ల తరబడి దెబ్బతీస్తూ వచ్చిందని, రెండో కాన్పు తరువాత నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే స్థితి వచ్చాక గానీ మాకు తెలియలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది, మూడు నెలల్లో బడికి వెళ్లగలిగాను. నేను రాయదలచుకున్నది ఆ తరువాత ప్రతి సాయంత్రం ఆరు గంటలకు వేసుకోవలసిన చిన్న తెల్లటి మాత్ర గురించి.

దాని పేరు ఎసినోకౌమరాల్. రక్తం పరాయి వస్తువును తాకినచోట గడ్డకట్టే స్వభావం కలది కాబట్టి, యాంత్రిక కవాటం ఉన్నవారు ఈ జాతి మందును జీవితాంతం వాడాలి. అది తక్కువైతే కవాటం మీద గడ్డ ఏర్పడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం అవుతుంది. ఈ రెంటి మధ్య నిలపడానికే, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో అంకెగా చెప్పే పీటీ ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష. నా అంకె 2.5కు, 3.5కు మధ్య ఉండాలన్నారు. ఈ సంగతులన్నీ డిశ్చార్జి రోజున, బిల్లుల హడావిడిలో, అయిదు నిమిషాల్లో చెప్పారు.

నేను తెలుగు ఉపాధ్యాయురాలిని, అందుకేనేమో, ఆ మందుకు మనవాళ్లు పెట్టుకున్న పేరు నన్ను మొదటినుంచీ బాధపెడుతూనే ఉంది. అందరూ దానిని ‘రక్తం పలచబడే మాత్ర’ అంటారు. మన మాటల్లో పలచబడటం అంటే సారం పోవడం, నీళ్లు కలిసిన పాలలా చప్పబడటం. నిజానికి ఈ మందు రక్తాన్ని పలచన చేయదు. గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని పదార్థాలను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. మందు ఆ సాయాన్ని అడ్డుకుంటుంది, అంతే. అయినా నా ముఖం పాలిపోయిన ప్రతిసారీ మా అత్తగారు, “అమ్మాయ్, ఆ మాత్ర నీ రక్తాన్ని నీళ్లు చేసేస్తోంది” అనేవారు. ఆమెది ప్రేమే. ఆ పేరు విన్న ఎవరికైనా ఆ భయమే కలుగుతుంది.

ఆమె భయానికి ఆధారం కూడా ఉంది. మూడో ఏడు గడిచేసరికి నా నెలసరి నాలుగు రోజుల నుంచి తొమ్మిది రోజులకు పెరిగింది. రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చుకోవలసి వచ్చేది. మా బడిలో మరుగుదొడ్డికి నీళ్లుండేవి కావు. ముదురు రంగు చీరలు కట్టుకుని, పాఠం చెబుతున్నంతసేపూ బల్లకు ఆనుకుని నిలబడేదాన్ని. గుండె డాక్టరు గారి గదిలో ఎప్పుడూ పదిమంది ఉండేవారు. ఆయన “రక్తం ఎక్కడైనా కారుతోందా, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి?” అని అడిగేవారు, నేను లేదని చెప్పేదాన్ని. ఆ ప్రశ్నకు అది నిజమైన జవాబే. నెలసరి సంగతి ఆయన అడగలేదు, నా అంతట నేను చెప్పడానికి నోరు రాలేదు.

అందుకని నాకు నేనే వైద్యం చేసుకున్నాను. నెలసరి వచ్చిన రోజు నుంచి మాత్ర ఆపేసేదాన్ని. రెండు మూడు రోజుల్లో మందు ప్రభావం తగ్గి రక్తస్రావం నెమ్మదించేది, ప్రాణం కుదుటపడేది. పరీక్షకు వారం ముందు నుంచి తప్పకుండా వేసుకునేదాన్ని కాబట్టి కాగితం మీద అంకె సరిగ్గానే కనబడేది, డాక్టరు గారు సంతోషించేవారు. ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. 2018 వేసవి సెలవుల్లో పరీక్షకు కూడా వెళ్లలేదు. ఆ నెల రక్తస్రావం ఆగి ఆగి మళ్లీ వస్తుండటంతో, మూడు వారాలపాటు మాత్ర ముట్టుకోలేదు.

యాంత్రిక కవాటం ఉన్నవారికి గుండె చప్పుడు చెవికి వినిపిస్తుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక గోడగడియారంలా టిక్కు టిక్కుమని వినబడేది. మా చిన్నబ్బాయి నా పక్కన పడుకుని ఆ చప్పుడు లెక్కపెడుతూ నిద్రపోయేవాడు. జూన్ మొదటి వారంలో ఒక రాత్రి వాడే, “అమ్మా, నీ గడియారం వినబడటం లేదు” అన్నాడు. అప్పటికి రెండు రోజులుగా వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. తెల్లవారేలోగా కూర్చున్నా ఆయాసమే. కారు మాట్లాడుకుని పొదిలి నుంచి గుంటూరు చేరేసరికి పెదవులు నీలం తిరిగాయట.

కవాటానికి ఉన్న రెండు రెక్కల్లో ఒకటి గడ్డ పట్టి కదలడం లేదని ఎక్స్‌రే తెరమీద చూపించారు. మళ్లీ కోసి తీయడమా, మందుతో కరిగించడమా అని చర్చించి, స్ట్రెప్టోకైనేజ్ ఎక్కించారు. కరిగేటప్పుడు ముక్క విరిగి మెదడుకు వెళ్లవచ్చని, మెదడులో రక్తస్రావం కూడా కావచ్చని చెప్పి మావారి చేత సంతకం చేయించుకున్నారు. గంటకు లక్ష యూనిట్ల చొప్పున ఆ మందు ఎక్కుతుంటే, కుడిచేయి కదులుతోందా, పేరు చెప్పగలనా అని నర్సమ్మ గంటగంటకూ చూసేది. ఆ మందును తయారుచేసేది స్ట్రెప్టోకోకస్ జాతి సూక్ష్మజీవుల నుంచేనని తరువాత తెలిసింది. చిన్నతనంలో నా గొంతులో చేరి నా కవాటాన్ని పాడుచేసినదీ ఆ కుటుంబానిదే. రెండో రోజు రాత్రి, మానిటర్ల మోతల మధ్య, నా టిక్కు టిక్కు మళ్లీ వినబడింది. ఏడ్చాను.

హిమోగ్లోబిన్ 7కే పడిపోయి ఉండటం చూసి, డ్యూటీలో ఉన్న యువ డాక్టరమ్మ తెర లాగి, మంచం అంచున కూర్చుని, “నెలసరి ఎన్ని రోజులుంటుందమ్మా? రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చాల్సి వస్తుంది?” అని అడిగింది. నాలుగేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. అన్నీ చెప్పేశాను. ఆమె తిట్టలేదు. స్త్రీల వైద్యురాలిని పిలిపించింది. ఐఎన్ఆర్ నిలకడపడ్డాక గర్భసంచిలో హార్మోన్ విడుదల చేసే చిన్న పరికరం అమర్చి, ఇనుము ఎక్కించారు. ఆరు నెలలకు నెలసరి దాదాపు మరకలకే పరిమితమైంది. ఇంత సులువైన దారి ఉండగా నేను ప్రాణం మీదకు తెచ్చుకున్నానని కాదు, ఆ దారి ఉందని నాకెవరూ చెప్పలేదని నా బాధ.

తరచు రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలకు మారమని మా తమ్ముడు పట్టుబట్టాడు. యాంత్రిక కవాటం ఉన్నవారికి అవి పనికిరావు. వాటిలో డాబిగాట్రాన్‌ను ఇలాంటివారి మీద పరీక్షించినప్పుడు, నా మాత్ర జాతికే చెందిన వార్ఫరిన్ కన్నా గడ్డలూ, రక్తస్రావమూ రెండూ ఎక్కువ కనబడి, పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కాబట్టి నాకు పాత మందే.

ఇప్పుడు నెలనెలా ఒంగోలు వెళ్లి పరీక్ష చేయించుకుంటాను. ఆ బెంచీ మీద కూర్చున్నవారిలో మందు తప్పినవారు చాలామందే ఉంటారు, కానీ నాకు నిర్లక్ష్యం కనబడిన మనిషి అరుదు. ఒకాయన పన్ను పీకించుకోవడానికి మూడు రోజులు ఆపమంటే ఆపాడు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు. కనిగిరి వైపు నుంచి వచ్చే ఒక కూలీ తల్లికి పరీక్ష ఖరీదు కన్నా ఆ రోజు పోయే కూలి ఎక్కువ. ఇంకొకామె ఆకుకూరలు విషమని రెండేళ్లు మానేసి, కూతురి ఇంట్లో వారం పాటు గోంగూర, తోటకూర తినేసరికి అంకె పడిపోయి హడలిపోయింది. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అయినా మానక్కర్లేదు, ప్రతివారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే దానికి తగ్గట్టు మందు సరిచేస్తారు.

పోయిన నెల నా పక్కన పాతికేళ్ల అమ్మాయి కూర్చుంది. ఛాతీ మీద గాటు ఇంకా ఎర్రగానే ఉంది. ఐఎన్ఆర్ పుస్తకంలో కొన్ని వారాలు ఖాళీగా ఉండటం చూసి, గొంతు తగ్గించి నెలసరి సంగతి అడిగాను. ఆమె కొంచెంసేపు నేల చూసి, నాకు దగ్గరగా జరిగింది. నా నంబరు పిలిచారు. తరువాతివాళ్లను ముందు వెళ్లమని చెప్పి కూర్చున్నాను.