సోనాపూర్‌ల బట్టలు పిండుడు నేర్చుకున్న
2013ల జగిత్యాల దిక్కు నుంచి దుబాయ్ పోయిన, అక్కడి సోనాపూర్ లేబర్ క్యాంపుల రూముకు ఎనిమిది మందిమి, నాది ప్లాస్టరింగ్ హెల్పర్ పని. అప్పటిదాక నా అంగి నేను పిండుకున్నది లేదు, ఇడిశి దండెం మీద ఏస్తె తెల్లారేసరికి ఉతికి ఆరి ఉండేది.

మొదటి శుక్రారం సెలవు నాడు కవరాల్, అంటే పనికి ఏసుకునే అంగీ ప్యాంటు కలిసిన డ్రెస్సు, బయటికి తీసిన. చెమట ఎండి వీపు మీద ఉప్పు తెల్లగ గీతలు గీతలు పేరింది, బట్ట అట్టలెక్క అయింది. బకెట్‌ల టైడ్ పోసి అట్లనే ముంచి, తొక్కి, పిండి ఆరేసిన. తెల్లారి ఏసుకుంటే మెడ కాడ గరుకు, పొద్దూకేసరికి దద్దు, ఒకటే మంట.

రూముల సిరిసిల్ల కాక ఒకాయన ఉండె, పన్నెండేండ్ల సంది గల్ఫ్‌లనే. మెడ జూసి "సిమెంటు దులిపినవా బిడ్డా?" అని అడిగిండు. దులపలే. పొడిగ ఉన్నప్పుడే తిరగేసి జేబులు, కుట్లు, గల్లా గోడకు కొట్టి దులపాలె, తడిస్తె సిమెంటు కుట్లళ్ల కూసుంటది, దాంట్ల సున్నం గుణం ఉంటది కదా, చెమట తగిలిందంటే తోలు కాలుతది అని కూసోబెట్టి చెప్పిండు. తర్వాత ఉత్త నీళ్లల్ల నానబెట్టాలె, ఉప్పు పోవాలె, అప్పుడే సబ్బు. ఎండకాలం మిద్దె మీది ట్యాంకు కాగి నల్లా నీళ్లు చెయ్యి పెట్టనియ్యయి, అందుకే రాత్రే బకెట్ నింపి పెట్టుకోవాలె. గల్లాకు, సంకలకు బ్రష్, ఆ తర్వాత నీళ్లు తేటగ అయ్యేదాక జాడిచ్చుడే, తొందరపడొద్దన్నడు.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండల పని చెయ్యొద్దని అక్కడ రూలు ఉంటది, అయినా పొద్దున పదికే బట్టలు తడిసి ముద్దయితయి. అందుకే రెండు జతలు పెట్టుకున్న, రోజూ డ్యూటీ నుంచి వచ్చినంక ఒకటి పిండుడు, అన్నం తినుడు అటెన్క.

అట్ల పిండుతుంటే అమ్మ యాదికొచ్చేది. పొద్దంత బీడీలు చేసి, తంబాకు వాసన పోని చేతులతోని మా నలుగురి బట్టలు బోరింగు కాడ పిండేది, నడుం నొస్తుందని ఒక్కనాడు అనలే, నేను అడగలే కూడ. శుక్రారం ఫోన్ చేసినప్పుడు "గల్లా మురికి ఎట్ల పోగొడుతవమ్మా" అని అడిగితే కొద్దిసేపు ఏం మాట్లాడలే. తర్వాత "నువ్వే పిండుకుంటున్నవా బిడ్డా" అన్నది.

రెండేండ్లకు లీవ్ మీద ఇంటికి పోయిన. మొదటి రోజే బోరింగు కాడికి బకెట్ నేనే తీస్కపోయిన, అమ్మ బట్టలు కూడ దాంట్లనే ఏసుకున్న.