మింగిన బంగారాన్ని కణం ఏం చేస్తుంది?
తార్నాకలోని మా ప్రయోగశాలలో ఈ వారమంతా, మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు తాము మింగిన బంగారు నానో రేణువులను ఎంతవరకు బయటికి పంపగలుగుతాయో గమనిస్తున్నాను. ధనావేశమున్న రేణువులు ఋణావేశంతో ఉండే కణత్వచానికి ఇట్టే అతుక్కుని లోపలికి పోతాయి. పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే పాలిమర్ పూత ఉంటే రక్తంలోని ప్రోటీన్లు వాటికి తక్కువగా అంటుకుంటాయి కాబట్టి మాక్రోఫేజ్ వాటిని ఆలస్యంగా గుర్తుపడుతుంది. అమెరికాలో 1995లో అనుమతి పొందిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందు రక్తంలో ఎక్కువసేపు నిలవడానికి ఈ పూతే ఆధారం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం లోపలికి వెళ్లిన తరువాతి కథ. కణాలను పెంచే ద్రవాన్ని (మీడియం) మార్చిన మరునాడు కూడా సూక్ష్మదర్శిని కింద, కేంద్రకాన్ని ఆనుకుని, రేణువులు నల్లని గుత్తులుగా కనిపిస్తూనే ఉన్నాయి. ఐరన్ ఆక్సైడ్ రేణువులైతే, కణంలో మింగిన వాటిని జీర్ణం చేసే సంచుల్లాంటి లైసోజోముల ఆమ్లంలో మెల్లగా కరిగి, అందులోని ఇనుము శరీరపు నిల్వల్లో కలిసిపోతుంది. బంగారం అంత తేలికగా కరగదు, దానిని కణం ఎక్సోసైటోసిస్ ద్వారా, అంటే చిన్న సంచుల్లో త్వచం దాకా మోసుకెళ్లి, వెలుపలికి నెట్టవలసిందే. గుత్తికట్టిన రేణువులను అలా నెట్టడం కష్టం. మందును మోయడానికి రేణువును రూపొందించేవారు, పని ముగిశాక అది కాలేయంలో ఉండే మాక్రోఫేజ్‌లైన కుఫ్ఫర్ కణాల్లో ఎన్నాళ్లుంటుందో మొదటి రోజే ఆలోచించాలన్నది నా గట్టి అభిప్రాయం. అందుకే రాబోయే విడతలో ధన, ఋణ ఆవేశాలు రెండూ సమంగా ఉండే పూతను, లైసోజోములో అది గుత్తికట్టకుండా నిలబడుతుందా అని పరీక్షించబోతున్నాం.